పోలమ్మ సూదులు, మా స్టెరిలైజరు

1971లో, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను తెనాలి నుంచి బాపట్లకు మార్చారు. అక్కడొక చిన్న ఆసుపత్రి. నా హోదా ఆయా. పని డ్రెస్సింగ్ గదిలో, అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టే గదిలో. ఆ గదికి పై అధికారి హెడ్ సిస్టరు దానమ్మ గారు. తెనాలిలో నాకు పని నేర్పింది కూడా ఆవిడే. నాకంటే ముందు బాపట్ల వచ్చి, కావాలని అడిగి నన్ను తెప్పించుకున్నారు. నేను నందివెలుగులో చర్చి బడిలో మూడో తరగతి దాకా చదివాను. ఆ మాత్రం చదువుకు ఆ గదిలో చోటు దొరకడం చిన్న విషయం కాదు. అది ఆవిడ పెట్టిన భిక్షే అని ఇప్పటికీ అనుకుంటాను.

మా పని ఎలా ఉండేదో ముందు చెప్పాలి. ఇప్పుడు సూది ఒకసారి వాడి పారేస్తున్నారు. అప్పుడు సిరంజీలు గాజువి, సూదులు ఉక్కువి. ఒకే సూది అరిగిపోయేదాకా ఎంతమందికో వాడేవాళ్ళం. కాబట్టి సూదిని బాగుచేసుకోవడమే ఒక విద్య. ముందు చన్నీళ్ళతో కడగాలి. వేణ్ణీళ్ళు పోస్తే లోపలి రక్తం గడ్డకట్టి పట్టుకుంటుంది. తర్వాత సన్నటి తీగ దూర్చి బెజ్జం శుభ్రం చేయాలి. మొన మొద్దుబారితే రాయి మీద నూరి, దూది మీద లాగి చూడాలి. దూది పోగు అంటుకు వచ్చిందంటే మొన వంగిందని అర్థం. అప్పుడు స్టెరిలైజరులో వేసేవాళ్ళం. స్టెరిలైజరంటే మరేం లేదు, కిరసనాయిలు పొయ్యి మీద పెట్టే, మూత ఉన్న నీళ్ళ తొట్టి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఇరవై నిమిషాలు ఉడకాలి. మధ్యలో ఇంకో సూది వేస్తే లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది. ఉడికిన దాన్ని చేత్తో ముట్టుకోకూడదు, మందునీళ్ళలో నిలబెట్టిన పొడుగు పట్టకారుతోనే తీయాలి.

సిస్టరు గారు కేకలు వేసే మనిషి కాదు. తప్పు చేస్తే, తీసిన సూదిని మళ్ళీ తొట్టిలో పడేసి, ఏమీ అనకుండా గడియారం వైపు చూసేవారు. అంతే. కిరసనాయిలు దండగయిందే అని నా ప్రాణం ఉసూరుమనేది. నేను పొదుపు మనిషిని. అందుకే రెండోసారి తప్పు చేసేదాన్ని కాదు.

మరుసటి ఏడు శివరాత్రి తిరునాళ్ళ అయిన కొద్ది రోజులకు విజయ అనే అమ్మాయి వచ్చింది. కర్లపాలెం పిల్ల. బాపట్లలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతోంది. జడ విప్పి జుట్టంతా ఎడమ చెవి మీదికి వేసుకుని కూర్చుంది. సిస్టరు గారు జుట్టు పక్కకు తీస్తే, చెవి పైభాగం పండిన టమోటాలా వాచి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. చెవి వెనక బిళ్ళ కట్టింది. తిరునాళ్ళలో పోలమ్మ అనే ఆవిడ దగ్గర, అందరూ కుట్టించుకునే తమ్మెకు కాకుండా, పైన గట్టిగా ఉండే చోట కుట్టించుకుందట. చీము పట్టినా ఎవరికీ చెప్పలేదు. పసుపు పూసి, పైన పౌడరు వేసి, జుట్టు కప్పుకుని క్లాసులకు వెళ్ళింది.

"కింద ఉన్న కమ్మలు చాలలేదా అమ్మాయ్?" అన్నాను.

"హాస్టల్లో అందరూ కుట్టించుకున్నారు ఆయమ్మా."

"అందరికీ లేని జ్వరం నీకెందుకొచ్చిందో మరి."

సిస్టరు గారు నా వైపు చూశారు. ఆ పిల్ల డాక్టరు గారి గదిలోకి వెళ్ళాక అన్నారు: "కరుణమ్మా, చీము తీసేటప్పుడు నీతులు చెప్పకు. ఇవాళ నువ్వు తిడితే, రేపు ఇంకో పిల్ల ఇంకో నాలుగు రోజులు దాచుకుంటుంది."

డాక్టరు గారు చెవి కోసి చీము తీశారు. పెన్సిలిన్ ఇచ్చారు. ధనుర్వాతం రాకుండా ఇచ్చే మందును ముందు చర్మం కింద కొంచెం వేసి, దద్దురు రాలేదని చూసుకుని, మిగతాది ఇచ్చారు. చెవి పైన ఉండేది మృదులాస్థి అనీ, దానికి నెత్తురు సరిగా అందదనీ, అక్కడ చీము పడితే చెవి ముడుచుకుపోతుందనీ అప్పుడే విన్నాను. విజయ చెవి నిలబడింది కానీ అంచు కొద్దిగా ముడత పడింది.

ఆ వారంలోనే ఇంకా కొందరు వచ్చారు. చెవులతో ఆడపిల్లలు, చేతుల మీద పచ్చబొట్లతో మగపిల్లలు. హాస్టలు వార్డెను మండిపడి శానిటరీ ఇన్‌స్పెక్టరుకు చెప్పారు. ఊళ్ళో నీళ్ళూ మురుగూ తినుబండారాలూ చూసే అధికారి ఆయన. ఆయన బస్‌స్టాండు దగ్గర పోలమ్మను పట్టుకుని, ఆమె సూదుల పెట్టె చంకలో పెట్టుకుని మా ఆసుపత్రికి వచ్చారు. వెనకే పోలమ్మ.

పోలమ్మ ఏభై దాటిన మనిషి. నల్లగా, పొడుగ్గా, తల నిండా నూనె రాసుకుని బిగించిన ముడితో ఉండేది. ఏడవలేదు. డాక్టరు గారి గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగింది.

"నా చేతులు తీసుకుపో బాబూ, పెట్టె తీసుకుపోతే నేనేం తినాల? ఇంటికాడ మా అత్త మంచంలో ఉంది. ఆవిడికేం పెట్టాల?"

పెట్టె తెరిచి చూశాం. పచ్చబొట్టు పొడవడానికి సన్న సూదులు గుత్తిగా దారంతో కట్టి ఉన్నాయి. చెవులూ ముక్కులూ కుట్టడానికి లావు సూదులు విడిగా ఉన్నాయి. ఒక కొబ్బరి చిప్పలో మసీ ఆకుపసరూ కలిపిన నల్లటి ముద్ద. అన్నీ తుడవడానికి ఒకే గుడ్డ. ఆ గుడ్డ మొదట ఏ రంగుదో చెప్పలేను. ఒకరి నెత్తురు అంటిన గుత్తినే ఆ గుడ్డతో తుడిచి ఇంకొకరికి పొడుస్తోంది. చీము సరే, ఇలా నెత్తురు కలిస్తే కామెర్లు కూడా ఒకరి నుంచి ఒకరికి వస్తాయని సిస్టరు గారు ఆమెకు మెల్లగా చెప్పారు.

"మా అమ్మ ఇట్టాగే పొడిచింది, ఆవిడమ్మా ఇట్టాగే పొడిచింది. అప్పుడు లేని కామెర్లు ఇప్పుడొచ్చినయ్యా అమ్మగారూ?"

"అప్పుడు చచ్చిపోయిన వాళ్ళు వచ్చి నీకు చెప్పలేదు పోలమ్మా" అన్నారు సిస్టరు గారు.

పెట్టె ఇక ఇవ్వకూడదని ఇన్‌స్పెక్టరు గారి పట్టు. సిస్టరు గారు ఒప్పుకోలేదు. ఆ ఉదయమే హాస్టలు కుర్రాడొకడు వచ్చి ఉన్నాడు. పోలమ్మ దాకా పోకుండా, పిన్నీసుతో పెన్ను సిరా పెట్టి తనే ముంజేతి మీద 'ర' అని పొడుచుకున్నాడు. చెయ్యి దిండులా పొంగింది. సిస్టరు గారు వాణ్ణి పిలిచి, ఆ అక్షరం ఎవరిదని అడిగారు.

"మా అమ్మదండి."

"మీ అమ్మగారి పేరేంటి బాబూ?"

"సుబ్బమ్మండి" అనేశాడు వాడు. ఇన్‌స్పెక్టరు గారే ముందు నవ్వారు.

సిస్టరు గారు చెప్పింది ఇదీ: ఈ వయసు పిల్లలు మనం వద్దంటే మానరు. పోలమ్మను వెళ్ళగొడితే పిన్నీసులు అందుకుంటారు. పోలమ్మకు చెయ్యి తిరిగి ఉంది, శుభ్రం ఒక్కటే లేదు. అది నేర్పవచ్చు. డాక్టరు గారు కాసేపు ఆలోచించి గడువు పెట్టారు. వేసవి తిరునాళ్ళ దాకా పోలమ్మ పని చేసుకోవచ్చు. ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పక్కన నిలబడి చూస్తారు. పని పద్ధతిగా లేకపోతే పెట్టె తీసుకుపోతారు, మళ్ళీ ఇవ్వరు. నేర్పే బాధ్యత నాకు అప్పగించారు.

నేను పోలమ్మకు కొత్త వస్తువేమీ ఇవ్వలేదు. మా ఇంట్లో ఖాళీ పాలపొడి డబ్బా ఉంటే తోమి ఇచ్చాను. పట్టకారుకు ఆసుపత్రిలో వంకరపోయి పక్కన పడేసింది అడిగి తెచ్చి, సరిచేసి ఇచ్చాను. తుడిచే గుడ్డ తీసేయించి, పాత తెల్ల పంచె ముక్కలు చేసి ఉడకబెట్టించాను. మనిషికి ఒక ముక్క, అంతే, తిరిగి ఉతికి ఉడికించాకే వాడాలి. కొబ్బరి చిప్ప మాన్పించి, మసి ముద్ద మనిషికొక ఆకులో కొద్దిగా వేసుకోమన్నాను. చేతులు సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకోవాలి. చెవి పైన గట్టి చోట ఎవరు బతిమాలినా కుట్టకూడదు.

"సూదులకి కూడా ఉడుకునీళ్ళ తానమా? మా అత్తకే లేదమ్మా ఈ భోగం!" అంది పోలమ్మ.

పొయ్యి ఎక్కడిదన్నది చిక్కు. రోజంతా కిరసనాయిలు మండిస్తే ఆమెకు మిగిలేదేమీ ఉండదు. బస్‌స్టాండు దగ్గర టీకొట్టాయనను అడిగాను. ఆయన పొయ్యి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎలాగూ మండుతుంది, ఒక మూల డబ్బా పెట్టుకోనివ్వమన్నాను.

"నా టీలో ఇనుప రుచి వచ్చిందని జనం పోతే నువ్వొచ్చి తాగుతావా అక్కా?" అన్నాడు. అన్నాడే కానీ చోటిచ్చాడు. ఆ మూల చోటు ఆయన చివరిదాకా తీయలేదు. ఆ మేలు కూడా చెప్పుకోవాలి.

పోలమ్మకు గడియారం చూడడం రాదు. టీకొట్టాయన ఉడుకు లెక్క చూసి "అయిందే పోలమ్మా" అని అరిచేవాడు. ఒకరికి కుడుతుండగా ఇంకొకరి సూదులు ఉడికేవి. నేను డ్యూటీ దిగి ఇంటికి పోతూ డబ్బా మూత తీసి చూసేదాన్ని. అంతా పద్ధతిగా ఉండేది. పోలమ్మ మొండి మనిషి అనుకున్నాను కానీ, ఒప్పుకున్న పని సగం చేసే రకం కాదు.

కొన్ని వారాలు ఒక్క కేసూ రాలేదు. ఆ తర్వాత ఒకే వారంలో ముగ్గురు ఆడపిల్లలు చీము పట్టిన చెవులతో వచ్చారు. తమ్మెలే. గట్టి చోట కాదు. ముగ్గురికీ కుట్టింది పోలమ్మే.

నేను మండిపోతూ వెళ్ళి అడిగాను. ఉడికించకుండా కుట్టానని ఒప్పుకోమన్నాను. పోలమ్మ టీకొట్టాయనను సాక్ష్యం పిలిచింది. ఆయన కెటిల్ మీద ఒట్టేశాడు. మంచంలో ఉన్న అత్త మీద పోలమ్మ ఒట్టేసింది. నాకు దిక్కు తోచలేదు. తిరునాళ్ళ దగ్గర పడుతోంది. ఈ ముగ్గురి సంగతి ఇన్‌స్పెక్టరు గారికి తెలిస్తే తిరునాళ్ళ దాకా కూడా ఆగరు.

సిస్టరు గారికి చెప్పాను. ఆవిడ ఆ ముగ్గురి చెవులూ చూసి, ఒకటే అడిగారు. ఈ వారాల్లో పచ్చబొట్టు పొడిపించుకున్న వాళ్ళెవరైనా చీముతో వచ్చారా? ఎవరూ రాలేదు.

"నీళ్ళు ఒకటే, డబ్బా ఒకటే. చేతులు బాగుండి చెవులకు చీమెందుకు పట్టింది? నువ్వు ఇన్నాళ్ళూ డబ్బా చూశావు కరుణమ్మా. ఇప్పుడు పోయి ఆమె చెయ్యి చూడు. డబ్బాలోంచి బయటికొచ్చిన సూది చెవి చేరేలోపు ఎక్కడెక్కడ తిరుగుతోందో చూడు. ఒక్క క్షణం కూడా కన్ను తీయకు."

నా వారం సెలవు నాడు వెళ్ళి పోలమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మొదట ఒక కుర్రాడు భుజం మీద పచ్చబొట్టు కోసం వచ్చాడు. సూదుల గుత్తిని పట్టకారుతో తీసింది, ఆకులో ముంచింది, పొడిచింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. తర్వాత తల్లితో ఒక పిల్ల వచ్చింది. పోలమ్మ లావు సూది తీసింది. పిల్ల బిగుసుకుపోయింది.

"నీ మొగుడు నీకు జూకాలు తెస్తే ఏడ పెట్టుకుంటావే? ముక్కుకి వేలాడేసుకుంటావా?" అంది పోలమ్మ. పిల్ల నవ్వింది. ఆ పిల్ల నవ్వుతుండగానే పోలమ్మ కుడి చెయ్యి పైకి లేచి, సూదిని తన చెవి పక్కన నూనె జుట్టులో ఒక్కసారి గీసి, కిందికి దిగింది. సూది తమ్మె దగ్గరికి వచ్చేసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"ఏంటే, పిల్ల భయపడుద్ది!"

"సూది తల్లో గీశావు."

"నేనా? నేనెప్పుడు గీశానే?" ఆమె నిజంగానే తెలియక అడుగుతోంది.

"గీశావు పెద్దమ్మా, నేనూ చూశా" అంది పిల్ల.

టీకొట్టాయన కూడా గ్లాసు దించి, రోజూ గీస్తుంది కదా, అదీ పనిలో భాగమేమో అనుకున్నానన్నాడు. బొంతలు కుట్టే ఆడవాళ్ళందరూ చేసేదే అది. నూనె తగిలితే సూది మెత్తగా దిగుతుంది. ఉడికిన సూది జిడ్డంతా పోయి పట్టేస్తుంది కనుక, ఆమె చెయ్యి మునుపటికంటే ఎక్కువగా తల్లోకి పోతోంది. గుత్తి కట్టిన సూదులు తల్లో గీస్తే జుట్టు చిక్కుకుంటుంది కాబట్టి పచ్చబొట్ల సూదికి ఆ అలవాటు లేదు. అందుకే చేతులు బాగున్నాయి.

ఆ సూదిని డబ్బాలో పడేయించి ఇంకొకటి తీయించాను. పిల్లకు కుట్టడం అయ్యాక పోలమ్మ తన కుడి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నాకు తెలవకుండా నా చెయ్యి చేసే పనికి నేనేం జేసేదే చెల్లెమ్మా?" అంది. ఆ మాటలో భయం ఉంది. పెట్టె పోతుందన్న భయం.

ఆ రోజే ఆమెను సిస్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళాను. సిస్టరు గారు కోప్పడలేదు. చెయ్యి ఆ అలవాటు మానుకోవడానికి ఏళ్ళు పడుతుందనీ, అప్పటిదాకా చెయ్యికి అడ్డం పెట్టాలనీ అన్నారు. రెండు పనులు చెప్పారు. కొబ్బరినూనె బాగా కాచి, ఉడికించిన చిన్న గిన్నెలో మూతపెట్టి చల్లార్చుకుని, సూది మొన అందులో ముంచి కుట్టాలి. అది మెత్తదనానికి. రెండోది, పని చేసినంతసేపూ ఉతికిన తెల్లగుడ్డ జుట్టు కనపడకుండా తలకు కట్టుకోవాలి. చెయ్యి పైకి పోయి గుడ్డ తగిలిందంటే, ఆ సూది కుట్టకుండా డబ్బాలోకి పోవాలి.

"తలకి గుడ్డ కట్టుకుంటే నాకే తలనొప్పి అనుకుని జనం పారిపోతారు అమ్మగారూ!"

"మేమూ కట్టుకుంటున్నాం కదా. మమ్మల్ని చూసి ఎవరు పారిపోయారు?" అని సిస్టరు గారు తన తెల్ల టోపీ చూపించారు. పోలమ్మ దాన్ని ఎగాదిగా చూసి, అంత గట్టి గంజి తన వల్ల కాదంది.

తిరునాళ్ళ రోజు నేనూ వెళ్ళాను. డాక్టరు గారు పంపగా ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పోలమ్మ ముందు నిలబడ్డారు. ఆయనను చూసి కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్ళు దూరంగా ఆగిపోయారు. ముందు ఎవరూ కూర్చోలేదు. పోలమ్మ చేతులు కడుక్కుని, తలగుడ్డ సర్దుకుని, ఖాళీ పీట వైపు చూస్తూ కూర్చుంది.

అప్పుడు హాస్టలు పిల్లల గుంపులోంచి విజయ వచ్చి పీట మీద కూర్చుంది. జడ బిగించి అల్లుకుంది. ముడత పడిన చెవి అందరికీ కనపడుతోంది. "తమ్మెకి రెండో కుట్టు కావాలి పెద్దమ్మా. పైన మాత్రం వద్దు" అంది. ఆ పిల్ల ఆ రోజు అలా కూర్చోకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

పోలమ్మ సూది తీసింది. ఇన్‌స్పెక్టరు గారు వంగి చూస్తున్నారు. చెయ్యి పైకి లేచింది. సూది గుడ్డకు తగిలి ఆగింది. పోలమ్మ తన చేతిని తనే చూసుకుని, "చూశారా బాబూ, దొంగముండ చెయ్యి!" అని పకపకా నవ్వి, ఆ సూదిని టక్కున డబ్బాలో వేసి, పట్టకారుతో ఇంకొకటి తీసి, మొన నూనెలో ముంచి కుట్టింది.

ఇన్‌స్పెక్టరు గారికి అర్థం కాలేదు. మంచి సూది ఎందుకు పడేశావని అడిగారు. ఎందుకో పోలమ్మే మొదటి నుంచి చెప్పింది, సిస్టరు గారి పేరూ నా పేరూ వదలకుండా. ఆయన విని, విజయ చెవి చూసి, పెట్టె ఆమె దగ్గరే ఉండనిచ్చి వెళ్ళారు. ఆ మధ్యాహ్నం పోలమ్మకు నీళ్ళు తాగడానికి తీరిక లేదు. తలగుడ్డ ఉన్నావిడ దగ్గరే కుట్టించుకోవాలని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుని మరీ వచ్చారు. విజయ కుట్టు శుభ్రంగా మానింది.

తర్వాత నన్ను రేపల్లె మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. సిస్టరు గారు నాకు నేర్పింది కొత్త ఆయాలకు నేర్పాను. మా పెద్ద మనవరాలి చెవులు కుట్టించడానికి పిల్లను తీసుకుని రైలెక్కి బాపట్ల వెళ్ళి, పోలమ్మ దగ్గరే కుట్టించాను. అప్పటికి ఆమె చెయ్యి తలవైపు పోవడం మానేసింది. తలగుడ్డ మాత్రం తీయలేదు.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది ఇది. పని నేర్పేవాళ్ళు కొత్తగా ఏం చేయాలో చెబుతారు. అది సగమే. పాత పనిలో చెయ్యి దానంతట అది చేసేది మనిషికి తెలియదు, అడిగినా చెప్పలేరు. పక్కన కూర్చుని, సూది నీళ్ళలోంచి లేచింది మొదలు ఒంట్లో దిగేదాకా చూడాలి. చెవి కుట్టించుకునే వాళ్ళూ, ఇప్పుడు మిషనుతో పచ్చబొట్టు వేయించుకునే వాళ్ళూ కూడా అలాగే చూడాలి. కొత్త సూది కళ్ళముందే విప్పారా అన్నది ఒకటి. విప్పిన తర్వాత ఆ చెయ్యి ఏం ముట్టుకుంది అన్నది రెండోది.

మొన్న బొంత కుడుతుంటే నా చెయ్యి కూడా సూదితో సహా తల్లోకి పోయింది. బొంతే కాబట్టి ఊరుకున్నాను.